సెకండ్ షో వదిలాక... గాంధీ దారిలో

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పద్మారావు నగర్ వాళ్లు ముషీరాబాద్ మీదుగా ఇంటిదారి పడతారు. చూసింది ‘విరూపాక్ష’లాంటి సినిమా అయితే మాత్రం ఆ కాస్త దూరమూ చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మరి దారిలో ఉన్నది గాంధీ ఆసుపత్రి... అందులో మార్చురీ... పైగా ఒకప్పుడు అక్కడున్నది ముషీరాబాద్ జైలు! సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరుండే ఆసుపత్రి 2003లో ఈ స్థలానికి మారింది. దెయ్యం కథ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

నిజానికి పద్మారావు నగర్‌ది భయపెట్టే వాలకం కాదు. స్కందగిరి గుడి గంటలు, మంగళవారం సుబ్రహ్మణ్యస్వామి కోసం వచ్చే జనం, తెలుగులో కలిసిపోయిన తమిళం... శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ (2004) సినిమాకు ఈ వీధుల నెమ్మదే అందం తెచ్చింది.

2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘విరూపాక్ష’ది వేరే లోకం. కార్తీక్ వర్మ దండు తీసిన ఈ సినిమాలో ఊరి పేరు రుద్రవనం. చేతబడి చేస్తున్నారని ఓ జంటను ఊరంతా కలిసి తగలబెడుతుంది. పన్నెండేళ్లకు వరసగా చావులు మొదలవుతాయి. ఊరికి అష్టదిగ్బంధనం వేస్తారు. చుట్టపుచూపుగా వచ్చిన సూర్య (సాయిధరమ్ తేజ్) ఆ గుట్టు విప్పడానికి పూనుకుంటాడు. క్షుద్రశక్తి సంగతి సినిమా వరకే. ఆ తగలబెట్టడం మాత్రం బయటా జరుగుతోంది. 2020 నవంబరులో జగిత్యాల జిల్లాలో మంత్రాలు చేశాడన్న అనుమానంతో ఒక మనిషిని సజీవ దహనం చేశారు.

అంతుచిక్కని చావు గుట్టు విప్పే అసలు పని జరిగేది గాంధీలాంటి చోటే. ముందు పోలీసుల పంచనామా, తర్వాత పోస్టుమార్టం. విషమేమోనన్న అనుమానం వస్తే కడుపు, కాలేయం, మూత్రపిండాల ముక్కలు తీసి గాఢమైన ఉప్పునీళ్లలో ఉంచుతారు. సీసాలకు సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. మన రాష్ట్ర ల్యాబ్ రెడ్‌హిల్స్‌లో ఉంది. ఇళ్లలో దిష్టి తీసేదీ ఉప్పుతోనే కదా... ఇక్కడది వేరే కొలువు చేస్తుంది!

ఇంకో విచిత్రం. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ, వసతులున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాతా పోస్టుమార్టం చేయొచ్చని చెప్పింది. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం వంటివాటికి మాత్రం, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, ఈ వెసులుబాటు లేదు. అంటే సినిమాల్లో రాత్రి తేలే రహస్యం ఇక్కడ పగటి వెలుగు కోసం ఆగాలి.

అందుకే అర్ధరాత్రి మార్చురీ దగ్గర కనిపించేది దెయ్యాలు కాదు, తెల్లారే దాకా కాచుకునే అయినవాళ్లు. దుప్పటి పరుచుకుని గోడవారన కూర్చున్నవాళ్లు, ఊరి నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పలేక సతమతమయ్యేవాళ్లు. మనిషి ఎలా పోయాడో కాగితం మీద ఇంకా రాలేదు. ఎవరి పని అయ్యుంటుందన్న గుసగుస మాత్రం ఊళ్లో అప్పటికే మొదలై ఉంటుంది.