దుడ్ల కాపురం

మా ఆర్.కె.పేటలో ఇల్లు చూడను వచ్చినవాళ్ళను మొదట అడిగే మాట, ‘బాడుగకా, భోగ్యానికా?’ అని. బాడుగంటే నెలనెలా ఇచ్చేది. భోగ్యమంటే ఒక పెద్ద మొత్తం ఇంటాయన చేతిలో పెట్టి, రెండేండ్లో మూడేండ్లో బాడుగ ఊసెత్తకుండా కాపురముండి, పోయేనాడు ఆ మొత్తాన్ని అట్లే వాపసు తీసుకోవడం. మద్రాసులో దీన్నే లీజంటారు. మా తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు మా పత్రాలు అరవంలో ఉంటాయి, బేరాలు మాత్రం తెలుగులోనే.

చిన్నప్పుడు మా రెండో ఇంట్లో ఒక పంతులుగారు లక్ష రూపాయల భోగ్యానికి ఉండేవారు. ‘పాపం నాయన, ఊరికే ఇల్లిచ్చేశాడు’ అని నేననుకునేవాణ్ణి. ‘పాపం అయ్యగారు, వడ్డీ లేకుండా లక్ష ఇచ్చేశారు’ అని ఆ ఇంటి అమ్మ మా అమ్మతో అనేదట. ఇంతకీ ఇద్దరిలో పాపం ఎవరు?

నాయనకు ఆ లెక్క తెలుసు. మరమగ్గాలకని రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష అప్పును ఆ భోగ్యంతో తీర్చేశాడు. నెలకు రెండువేల వడ్డీ ఆగిపోయింది. బాడుగకిస్తే ఆ ఇంటికి వెయ్యి కూడా వచ్చేది కాదు. ఊరికే ఇచ్చిన ఇల్లే రెండింతలు సంపాదించింది.

నాయనకు తెలియనిది ఇంకొకటుంది. మిగిలిన వడ్డీ డబ్బు పక్కన పడలేదు. నూలుకు, పెళ్ళిళ్ళకు, పండగలకు కరిగిపోయింది. పంతులుగారికి బదిలీ వచ్చింది. కొత్తగా చూడవచ్చినవాళ్ళు అరవైవేలకు మించి పెట్టలేమన్నారు. తక్కువపడ్డ నలభైవేలకు అమ్మ గాజులు బ్యాంకు మెట్లెక్కాయి.

దక్షిణ కొరియాలో ఈ పద్ధతిని జొన్సే అంటారు. ఇంటి ధరలో సగానికి పైగా కూడా ముందే ఇంటాయన చేతిలో పోస్తారు. 2022, 23లలో అక్కడ ఇళ్ళ ధరలు పడి, కొత్తగా వచ్చేవాళ్ళిచ్చే మొత్తం పాతవాళ్ళకు తిరిగి ఇవ్వడానికి చాలకపోయింది. ఎంతోమంది పడుచువాళ్ళు కూడబెట్టిన డబ్బు పోగొట్టుకున్నారు. సియోలైనా ఆర్.కె.పేటయినా, ఒకరి దుడ్లతో ఇంకొకరి దుడ్లు తీర్చే ఏర్పాటు నడిచినన్నాళ్ళు నడుస్తుంది.

చట్టానికీ ఇది కొత్త కాదు. ఇంటి అనుభవాన్ని వడ్డీకి బదులుగా రాసిచ్చే తాకట్టు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. నూరు రూపాయలో అంతకు పైనో అయితే రిజిస్టరు చేయాలంటుంది. మనవాళ్ళేమో లక్షల భోగ్యాన్ని పదకొండు నెలల స్టాంపు కాగితంతో ముగిస్తారు. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన తమిళనాడు కొత్త అద్దె చట్టం, ఒప్పందాన్ని అద్దె అధికారి దగ్గర నమోదు చేయమంటుంది. కాగితం గట్టిగా ఉండాల్సిన అవసరం ఇంటాయనకంటే ముందు దుడ్లిచ్చినాయనకే.

మొన్న మా చిన్నాయన కొడుకు వచ్చాడు. బ్యాంకులో తొమ్మిది శాతానికి ఇరవై లక్షలు తెచ్చి మిద్దెమీద రెండు పోర్షన్లు కడతాడట. ఒక్కోదానికి నెలకు ఐదువేలొస్తుందట.

“ఏడాదికి లక్షా ఇరవైవేలు బాడుగ. వడ్డీయే లక్షా ఎనభైవేలు. మోటారు కాలేది, సున్నం కొట్టేది, రెండు నెలలు ఖాళీగా పడుండేది ఇంకా లెక్కెయ్యలేదురా,” అన్నాను.

“అయితే రెండూ ఐదేసి లక్షల భోగ్యానికిస్తానన్నా. సగం అప్పు తీరిపోతుంది.”

“పది లక్షలు తీరిస్తే తగ్గే వడ్డీ తొంభైవేలు. పోయే బాడుగ లక్షా ఇరవై. రెండు రూపాయల వడ్డీ అప్పుంటే భోగ్యం మేలు. బ్యాంకు అప్పుకైతే బాడుగే మేలు. ఇంట్లో ఎవరు కాపురముంటారన్నది తర్వాత. వాళ్ళిచ్చిన దుడ్లు ఎక్కడ కాపురముంటాయో అది ముందు చూడు.”

వాడు వేళ్ళమీద లెక్కేసుకుంటూ కూర్చున్నాడు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది:

“భోగ్యానికిస్తే ఇచ్చుకోండి నాయనా. వాళ్ళు ఖాళీ చేసేనాడు నా గాజులు మాత్రం అడగొద్దండి.”