చినార్ లేకపోతేనేం... బాదం చెట్టుందిగా!

ఆకురాలు కాలం అనగానే సినిమా ప్రియులకు గుర్తొచ్చేది కాశ్మీరు. అక్టోబరు చివర్లో శ్రీనగర్ చినార్ చెట్లు ఎర్రబడతాయి. ఆ ఋతువుని అక్కడివాళ్ళు ‘హరుద్’ అంటారు. 2010లో ఆమిర్ బషీర్ తీసిన సినిమా పేరు కూడా అదే. అక్కడికెళ్ళి ఫోటోలు తీయాలని నాకూ కోరికే. కానీ ఫ్రీలాన్స్ జర్నలిస్టు జేబు సంగతి మీకు తెలియనిదా!

అందుకే హైదరాబాదులో మా కాలనీ పార్కుకి రమ్మంటున్నాను. అక్టోబరులో కాదు సుమండీ, ఫిబ్రవరిలో! మన చెట్లు ఆకులు రాల్చేది చలికి జడిసి కాదు, రాబోయే ఎండలకు నీళ్ళు పొదుపు చేసుకోవడానికి. వేపాకు పసుపెక్కి రాలుతుంది. రావి మోడై, ఆ వెంటనే రాగిరంగు చిగురేస్తుంది. హీరో మాత్రం గేటు పక్క బాదం చెట్టే. ఒకే ఆకులో పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు! పసుపు మొదట్నించీ ఆకులో ఉన్నదే. పత్రహరితం తగ్గేసరికి బయటపడుతుంది. ఎరుపు మాత్రం రాలబోయే ముందు కొత్తగా తయారయ్యేది.

నిరుడు ‘వచ్చాక తీద్దాంలే’ అనుకుని ఊరెళ్ళాను. నాలుగు రోజులకి తిరిగొస్తే కొమ్మలు బోసి, కింద బూడిద! ఈసారి తెల్లారకముందే కెమెరాతో హాజరయ్యాను. అప్పటికే ఊడ్చే ఆవిడ సగం పార్కు చుట్టేసింది.

"అమ్మా, ఆ చెట్టు కింద ఒక్క గంట వదిలేస్తారా?" బతిమాలాను.

"గీ చెత్తకు ఫోటోలేంది సారూ? ఎనిమిదింటికి సాఫ్ గావాలె. లేకుంటే నన్నే అంటరు" అంది. అన్నదే గానీ, చీపురు పట్టుకుని అవతలి వైపు వెళ్ళింది.

ఎండ వచ్చింది. చెట్టు మొత్తాన్నీ పదిహేను ఫోటోలు తీశాను. అన్నీ దండగ! సూర్యుడు నా వీపు వెనక ఉంటే ఆకు గోడకేసిన సున్నంలా చప్పగా ఉంది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఆకుకి అవతల సూర్యుడు, వెనక నల్లటి కాండం వచ్చేలా చూసుకుని, వెలుతురు కాస్త తగ్గించి నొక్కాను. అబ్బ! ఈనెలన్నీ లెక్కపెట్టొచ్చు. పురుగు తిన్న చిల్లులోంచి సూదిమొనంత వెలుగు.

ఎనిమిదింటికి ఆవిడ వచ్చింది. ఫోటోలు చూపించాను. చాలాసేపు చూసింది. కుప్ప కెలికి ఒక ఆకు తీసింది. ఈనెకి ఒకవైపు ఎరుపు, ఒకవైపు పచ్చ.

"గిది తియ్యి సారూ, మంచిగున్నది."

తీశాను. ఆ రోజు వాటిలో అదే ఫస్టు. మిగతా ఆకుల్ని ఆవిడ బుట్టకెత్తేసింది.