పెదపాడు మాట తీరు

ఏలూరు నుంచి వట్లూరు మీదుగా నైరుతి దిక్కుగా వెళితే కొద్దిసేపటిలోనే పెదపాడు వస్తుంది. దారికి అటూ యిటూ వరిచేలు, చేపల చెరువులు. యింకా కిందికి దిగితే కొల్లేరు. చూడడానికి కోటలూ, కొండలూ యీ వూళ్ళో లేవు. వినడానికి మాత్రం చాలా వున్నది.

పనిమీద బయలుదేరిన మనిషిని యిక్కడ పెద్దవాళ్ళు "ఎక్కడికి?" అని అడగరు, అది అపశకునం. "దూరమా అండీ?" అంటారు. ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. రాత్రివేళ పాము కూడా పురుగే. చుట్టం "వెళతాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. ఇవి తెలుగునాట అంతటా వున్నవే గాని, గోదావరి వారి నోట "అండి" తోడై మరికాస్త మెత్తబడతాయి. 2022లో ఏలూరు వేరే జిల్లా అయినా, పెదపాడు పలుకులో పశ్చిమగోదావరి యింకా పోలేదు.

ఒకనాటి సాయంకాలం మా బంధువుల అరుగుమీద కూర్చుని వుండగా పొరుగు రైతు ఒకాయన వచ్చాడు. కాలవ నీటి గురించీ, ఎరువుల ధర గురించీ మాట్లాడి, చివరికి "ఈ యేడు చేతిలో ఆడడం లేదు బాబాయిగారూ" అన్నాడు. "అవునోయ్, అందరికీ అలాగే వుంది. చూద్దాంలే" అన్నారు మా వాళ్ళు. ఆయన మజ్జిగ తాగి, "వస్తానండి" అని లేచాడు. అప్పు అడగడమూ అయింది, లేదనడమూ అయింది. అప్పన్న మాటా, లేదన్న మాటా యెవరి నోటా రాలేదు. మర్నాడు యిద్దరూ ఒకే గట్టుమీద నవ్వుతూ మాట్లాడుకోగలిగారు.

ఈ విద్యలో మనకు జపానువారు దగ్గర చుట్టాలు. వారు ముఖంమీద కాదనరు. "చొత్తో" అని ఆగిపోతారు. "అది కొంచెం..." అని దాని అర్థం. మిగతాది వినేవాడు పూరించుకోవాలి. మనసులోని మాటను "హోన్నె" అనీ, నలుగురిలో అనే మాటను "తతెమాయె" అనీ వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. మన "మొహమాటం" అన్న మాటకు ఇంగ్లీషులో సరియైన సాటి దొరకదు. జపానులో మాత్రం "ఎన్ర్యో" అని వున్నది. దాన్ని రాసే రెండు అక్షరాలకూ దూరమనీ, ఆలోచన అనీ అర్థం. ఎదుటివాడి యిబ్బందిని దూరం నుంచే ఆలోచించడమన్నమాట! విస్తరిముందు "చాలు చాలు" అనే మన చుట్టం చేసేదీ అదే గదా. రెండోమారు, మూడోమారు అడగడం వడ్డించేవారి వంతు.

తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. పైకి చెప్పినదానికంటె స్ఫురించేదే ముఖ్యమని తాత్పర్యం. అయితే ఆ ధ్వని అందుకోవడానికి సహృదయుడు కావాలి. కావ్యంలో సహృదయుడు లేకపోతే ఒక పద్యం వృథా అవుతుంది. ఇంట్లో లేకపోతే?

ఆ బంధువుల యింట్లోనే ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు మంచివాడు, ఆస్తి వుంది. పిల్లను అడిగితే తల వంచుకుని "మీ ఇష్టం నాన్నా" అన్నది. తండ్రి సంతోషించి పంచాంగం తీయబోయాడు. అప్పుడు నాయనమ్మ, వత్తులు చేసుకుంటున్నదల్లా ఆగి, "ఉండరా అబ్బాయీ! నీ ఇష్టమన్నదంటే తన ఇష్టం అందులో లేదన్నమాటే గదా. మళ్ళీ అడుగు. నువ్వు కాదు, మీ ఆవిణ్ణి అడగమను" అన్నది.

ఆ రాత్రి వంటింట్లో తల్లి అడిగింది. పిల్ల చాలాసేపు యేమీ అనలేదు. ఆ తర్వాత బి.ఇడి. చదవాలని వున్నదని చెప్పింది. పెళ్ళివారికి కబురు వెళ్ళింది: "మా అమ్మాయికి ఈ యేడు గ్రహబలం అంతగా లేదండి." వారికి అర్థమయింది, నొచ్చుకోలేదు.

లేదనడానికి మెత్తని మాట వున్నందుకు పెద్దవాళ్ళకు మర్యాద దక్కుతుంది. పిల్లలకూ, కోడళ్ళకూ, కౌలు రైతులకూ ఆ మాటే తప్ప మరో దారి వుండదు. వారు కాదనలేరు గనక "మీ దయ" అంటారు, "సరేనండి" అంటారు. దాన్ని పట్టుకుని ఒప్పుకున్నారనుకోవడం మర్యాద కాదు. విస్తరిముందు చుట్టాన్ని మూడుసార్లు అడుగుతాం. ఒక పిల్ల జీవితం గురించి రెండుసార్లయినా అడగవద్దా?