మూడో పీడకల

సీక్వెల్ అనగానే పెదవి విరవడం మనలో చాలామందికి అలవాటు. అందులోనూ స్లాషర్ చిత్రాల సీక్వెల్ అంటే మరీనూ. కత్తి పట్టినవాడొకడు కుర్రకారును ఒక్కొక్కరినే వెంటాడి చంపుతాడు, చివరికొక అమ్మాయి మిగులుతుంది, రెండో భాగంలో చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు. శవాల లెక్క పెరగడమే తప్ప కొత్తగా చెప్పేదేమీ ఉండదని అనుకుంటాం. చాలావరకు అది నిజం కూడా. ఆ నిజానికి ఎదురు నిలిచే సినిమా ఒకటుంది. 1987 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ 3: డ్రీమ్ వారియర్స్’. ఆ వరుసలో నాకు మొదటిదానికన్నా ఇదే ఎక్కువ ఇష్టం. ఎందుకో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలూ.

ముందుగా మొదటి చిత్రం సంగతి. ఆగ్నేయాసియా నుంచి అమెరికాకు శరణార్థులుగా వచ్చిన కుటుంబాల్లో కొందరు యువకులు పీడకలలకు భయపడి నిద్ర మానేశారనీ, చివరికి నిద్రలోనే కన్నుమూశారనీ పత్రికల్లో చదివిన వార్తలే తన కథకు బీజమని దర్శకుడు వెస్ క్రేవెన్ చెప్పుకున్నాడు. 1984లో తీసిన ఆ చిత్రంలో ఫ్రెడ్డీ క్రూగర్ పసిపిల్లల హంతకుడు. చట్టానికి చిక్కకుండా బయటపడితే ఎల్మ్ స్ట్రీట్ తల్లిదండ్రులే వాణ్ణి తగలబెడతారు. కొన్నేళ్ళకు వాడు కాలిన మొహంతో, ఎరుపు ఆకుపచ్చ చారల స్వెటర్‌తో, వేళ్ళకు కత్తులు తొడుక్కుని వాళ్ళ పిల్లల కలల్లోకి వస్తాడు. కలలో చచ్చినవాళ్ళు నిజంగానే చస్తారు. సినిమా బలమంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది. దొంగ వస్తాడని భయమైతే తలుపు గడియ వేసుకోవచ్చు. నిద్ర వస్తుందని భయమైతే ఏ గడియ వేసుకుంటాం?

1985లో వచ్చిన రెండో భాగంలో క్రేవెన్ ప్రమేయం లేదు. జాక్ షోల్డర్ దర్శకుడు. అందులో ఫ్రెడ్డీ ఒక కుర్రవాడి ఒంట్లో దూరి, మెలకువగా ఉన్నవాళ్ళ మీదికే వస్తాడు. ఈతకొలను దగ్గర విందు జరుగుతుంటే అందరి మధ్యా నిలబడి కత్తులు ఝళిపిస్తాడు. ఆ కుర్రవాడి అంతస్సంఘర్షణ గురించి తర్వాతి కాలంలో మంచి చర్చే జరిగింది. డబ్బు కూడా మొదటిదానికన్నా ఎక్కువే వచ్చింది. కానీ కల అనే సరిహద్దు చెరిగిపోవడంతో ఫ్రెడ్డీ పదిమంది హంతకుల్లో ఒకడైపోయాడు.

మూడో భాగానికి క్రేవెన్ రచయితగా తిరిగి వచ్చాడు. బ్రూస్ వాగ్నర్, ఫ్రాంక్ డారబాంట్, చక్ రస్సెల్ ఆయనతో కలిసి రాశారు. తర్వాత ‘ది షాషాంక్ రిడెంప్షన్’ తీసిన డారబాంటే ఈయన. దర్శకుడిగా రస్సెల్‌కు ఇదే తొలి చిత్రం. వీళ్ళు కలల నియమాన్ని తిరిగి నిలబెట్టి, కథను ఒక మానసిక చికిత్సాలయంలోకి తెచ్చారు. ఎల్మ్ స్ట్రీట్ పిల్లల్లో మిగిలినవాళ్ళు అక్కడ ఉంటారు. క్రిస్టెన్ మణికట్టు తెగి ఉంటుంది. కోసినవాడు ఫ్రెడ్డీ, కానీ తల్లి కంట పడింది కూతురి చేతిలోని బ్లేడు మాత్రమే. ఫిలిప్ దారాలతో ఆడించే బొమ్మలు చేస్తుంటాడు. ఒక రాత్రి ఫ్రెడ్డీ వాడి కాళ్ళూ చేతుల నరాలనే దారాలుగా లాగి, బొమ్మలా నడిపించి గోపురం మీంచి కింద పడేస్తాడు. స్నేహితులు కిటికీల్లోంచి చూస్తూ కేకలు పెడతారు. తెల్లవారాక పెద్దలు అది నిద్రలో నడిచే జబ్బనో, ఆత్మహత్యనో తేల్చేస్తారు. ఆ పిల్లలకు అక్కడ దొరికే వైద్యం నిద్రమందు!

ఈ చివరి సంగతి దగ్గర నేను సినిమా ఆపి కాసేపు ఊరుకున్నాను. ఇంటర్మీడియట్ నేనొక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. మా గదిలో పల్నాడు నుంచి వచ్చిన కుర్రవాడొకడుండేవాడు. రాత్రి స్టడీ అవర్ అయి దీపాలు ఆర్పితే చాలు, వాడికి వణుకు మొదలయ్యేది. నిద్రలో అరిచి లేచి కూర్చునేవాడు. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలని వార్డెన్ తేల్చేశారు. మేం ముగ్గురం వాడి మంచానికి మా మంచాలు ఆనించి పడుకోవడం మొదలుపెట్టాం. అరుపులు పూర్తిగా ఆగలేదు గానీ, లేచినప్పుడు పక్కన మనిషి తగిలితే వాడు మళ్ళీ పడుకునేవాడు. యూనిట్ టెస్టుల్లో మార్కుల ప్రకారం సెక్షన్లు, గదులు మార్చేశాక వాడు వేరే అంతస్తుకు వెళ్ళాడు. సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళ నాన్నగారొచ్చి ట్రంకు పెట్టె తీసుకెళ్ళారు.

అందుకే కాబోలు, ఈ సినిమాలో ఫ్రెడ్డీ కన్నా నాన్సీ రాక నాకు గొప్పగా తోచింది. మొదటి భాగంలో బతికి బయటపడ్డ ఆ అమ్మాయి ఇందులో కలల గురించి పరిశోధించే యువతిగా వస్తుంది. హెదర్ లాంగెన్‌క్యాంపే మళ్ళీ ఆ పాత్ర వేసింది. పిల్లలు చెప్పేది నిజమని తెలిసిన పెద్దమనిషి ఆ ఆసుపత్రిలో ఆమె ఒక్కతే. క్రిస్టెన్‌కు ఒక శక్తి ఉంది. ఇతరులను తన కలలోకి పిలుచుకోగలదు. నాన్సీ దానిని ఆసరాగా చేసుకుని అందరినీ ఒకే కలలోకి చేరుస్తుంది. చక్రాల కుర్చీలో ఉండే విల్ అక్కడ లేచి నడుస్తాడు. నోరు విప్పని జోయీకి చివరికి గొంతు వస్తుంది. ఆ శక్తులు అందరినీ కాపాడవు. విల్ చనిపోతాడు, నాన్సీ కూడా చనిపోతుంది. కానీ అంతవరకు ఒక్కొక్కరుగా చచ్చిన పిల్లలు మొదటిసారి కలిసి నిలబడతారు.

ఆగిపోతున్న పరంపరకు ఊపిరి పోయడమంటే ఇదేనని నా అభిప్రాయం. హంతకుడికి కొత్త కత్తి ఇస్తే ఒక పూట ఆశ్చర్యపోతాం. చావబోయేవాళ్ళకు ఒకరికొకరిని ఇస్తే, వాళ్ళు చావకూడదని కోరుకుంటాం. భయం పుట్టేది ఆ కోరికలోంచే. ప్రేక్షకులు కూడా ఆదరించారు. అమెరికాలో సుమారు 4.48 కోట్ల డాలర్లు వసూలై, మొదటి రెండు భాగాలనూ దాటింది.

ఈ కిటుకు తర్వాతివాళ్ళకు అర్థం కాలేదనిపిస్తుంది. 1988 నాటి నాలుగో భాగం, అంత కష్టపడి బతికిన కిన్‌కెయిడ్, జోయీ, క్రిస్టెన్‌లను ముందుగానే చంపేసింది. డబ్బు ఇంకా ఎక్కువే వచ్చింది గానీ, ఫ్రెడ్డీ చంపుతూ చమత్కారాలాడే విదూషకుడయ్యాడు. నిజానికి ఆ విత్తనం మూడో భాగంలోనే, టెలివిజన్ సన్నివేశంలో పడింది. ఆ మాట కూడా ఒప్పుకోవాలి. 1989లో అయిదో భాగం వచ్చేసరికి వసూళ్ళు నాలుగోదానిలో సగానికి కూడా చేరలేదు.

చూడదలచినవారు మొదటిది చూసి నేరుగా మూడోదానికి వెళ్ళినా కథ బోధపడుతుంది. బొమ్మలాట దృశ్యం దగ్గర గుండె చిక్కబట్టుకోండి. వీలైతే ఒంటరిగా మాత్రం చూడకండి.