దొప్పలో తెల్లని పులుపు

బాగ్‌బేరాలో మే నెల మధ్యాహ్నం గొంతు తడుపుకోవడానికి దారులు రెండు. ఒకటి శీతల పానీయం సీసా. రెండోది రోడ్డు పక్క చెట్టు నీడన అల్యూమినియం డేగిసా ముందు కూర్చున్న ఆదివాసీ మహిళ అందించే ఆకు దొప్ప. అందులో ఉండేది హండియా. బియ్యపు కడుగులా తెల్లగా, కాస్త మడ్డిగా కనిపిస్తుంది. మొదటి గుక్కకు పులుపు తగులుతుంది, తర్వాత సన్నని తీపి, చివర్లో వేరు మందుల చేదు. శ్రీకాకుళం నుంచి వెళ్లినవారికైతే వెంటనే తరవాణి గుర్తొస్తుంది. తేడా తెలిసేది లేచి నిలబడ్డాకే.

టాటానగర్ రైల్వేస్టేషన్‌కు దగ్గరగా, ఖర్‌కాయ్ నది ఒడ్డున ఉన్న బాగ్‌బేరా జంషెడ్‌పూర్‌కు పెరటి గుమ్మం లాంటిది. 1919 దాకా ఈ స్టేషన్ పేరు కాలీమాటీ. ఉక్కు కర్మాగారం, రైల్వే ఉద్యోగాలు తెలుగువారితో సహా ఎన్నో ప్రాంతాల వారిని ఇక్కడికి రప్పించాయి. అంతకు ముందు నుంచీ ఉన్నవారు సంతాల్, హో, ముండా, భూమిజ్‌లు. హండియా వారిది.

దీని తయారీ చూడ్డానికి తేలిక, చేయడం కష్టం. వండిన అన్నాన్ని చాప మీద ఆరబోస్తారు. పూర్తిగా చల్లారాక రాణు గోలీల పొడి కలుపుతారు. బియ్యపు పిండిలో అడవి వేళ్లు, బెరళ్లు నూరి ఎండబెట్టిన చిన్న ఉండలే రాణు. ద్రాక్షలో చక్కెర సహజంగానే ఉంటుంది కాబట్టి నేరుగా పులుస్తుంది. అన్నంలో ఉండేది పిండిపదార్థం. రాణులోని బూజు ముందు దాన్ని చక్కెరగా మారిస్తే, ఆ తర్వాత ఈస్టు ఆ చక్కెరను మద్యంగా మారుస్తుంది. అన్నం వేడిగా ఉండగా కలిపితే రెండూ చస్తాయి, కుండ పాడవుతుంది. వేసవిలో రెండు మూడు రోజులు చాలు, చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. నీళ్లు కలపక ముందు ఊరే చిక్కని ద్రవం రసి. అది ఇంటికొచ్చిన ఆప్తులకు. నీళ్లు పోసి పిసికి వడకట్టింది సంతకు.

ఎండ ప్రాంతాల్లో పులుపు విలువ ఫ్రెంచివారికీ తెలుసు. మధ్యధరా తీరంలోని లాంగ్‌డాక్‌లో వేడికి చాలా ద్రాక్షలు తీపెక్కి పులుపు పోగొట్టుకుంటాయి. పిక్‌పూల్ అనే తెల్ల ద్రాక్ష మాత్రం నిలబెట్టుకుంటుంది. పెదవిని కుట్టేదని ఆ పేరుకు అర్థం చెబుతారు. తో సరస్సు ఒడ్డున దాన్ని చల్లగా, ఆయిస్టర్లతో తాగుతారు. బాగ్‌బేరాలో ఆ పని ఉప్పు, పచ్చిమిర్చి కలిపిన సెనగలు చేస్తాయి. పిక్‌పూల్ ద పినేకు 2013లో ప్రత్యేక అపెలాసియోఁ గుర్తింపు వచ్చింది. ఏ గ్రామాల్లో పండించాలో, ఎలా తయారు చేయాలో చట్టం చెబుతుంది.

హండియాకు దక్కింది వేరు. 2020లో జార్ఖండ్ ప్రభుత్వం ఫూలో ఝానో ఆశీర్వాద్ పథకం తెచ్చింది. 1855 సంతాల్ తిరుగుబాటు నాయకులు సిదో, కాన్హుల చెల్లెళ్ల పేరు పెట్టుకున్న ఈ పథకం హండియా, సారా అమ్మే మహిళలకు వడ్డీలేని రుణమిచ్చి వేరే పనికి మళ్లిస్తుంది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. పగలంతా తాగినవారి మాటలు పడుతూ కూర్చోవడం ఏ ఆడమనిషీ కోరుకునే బతుకు కాదు. కుటుంబాలను ఎండగట్టే తాగుడూ కల్పితం కాదు. పైగా బజారు రాణులో ఏం కలిసిందో కొన్నవారికి తెలియదు. కానీ పొద్దున్న వండిన బియ్యాన్ని మూడో రోజుకు రొక్కంగా మార్చగల విద్య ఆమె చేతిలో ఉన్నది ఇదొక్కటే అయినప్పుడు, చిన్న రుణంతో పెట్టిన కొట్టు దాని స్థానాన్ని పూరించడం అంత సులువు కాదు.

పైగా హండియా కేవలం సరుకు కాదు. బాగ్‌బేరాకు దగ్గర్లోని కరన్‌డీహ్ దిశోం జాహేర్‌లో సాల్ పూల వేళ బాహా పండగ చేస్తారు. సంతాలీ ఇళ్లలో మరాంగ్ బురుకు, పితరులకు ముందుగా నేల మీద కాస్త ఒలికించాకే మనుషులు తాగుతారు. పుట్టుకకు, పెళ్లికి, చావుకు కుండ పెట్టాల్సిందే. అమ్మకం ఆగినా ఆ కుండ ఆగదు.

సీసాకెక్కించి దూరాలకు పంపే వీలూ లేదు. వేసవిలో ఒక రోజు ఆలస్యమైతే పులుపు ముదిరి నోట పెట్టలేం. అందుకే డేగిసా ముందు కూర్చున్నవారి తొందర అంతా చీకటి పడేలోగా దాన్ని ఖాళీ చేయడం మీదే ఉంటుంది.