హరేలీనాడు ఆరిన ఎర్రదీపం

విజయనగరంలో రాత్రి ఎక్కిన రైలు తెల్లవారిన తరువాత ఆరంగ్ దగ్గర మహానదిని దాటింది. మన ఆషాఢం ముగియవస్తున్న రోజులు. నది మట్టిరంగు నీటితో బరువుగా కదులుతున్నది. వంతెన దాటగానే మొదలైన వరిమళ్ళు రాయపూర్ శివార్లదాకా మమ్మల్ని విడిచిపెట్టలేదు.

ఈ రైలుమార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి ఎందరో దీనిమీదనే పనులు వెదుక్కొంటూ రాయపూర్ చేరి, అక్కడే ఉండిపోయారు. మా బావగారి తాత వారిలో ఒకరు. బావగారు రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కోపం వస్తే హిందీ – ఇదీ ఆయన భాషావిభజన.

నేను వెళ్ళింది కేవలం చుట్టపుచూపుగా కాదు. ఆంగ్లసాహిత్యంలో పట్టా పుచ్చుకొని, షేక్స్పియరును తెలుగు చేయాలని కలలుగని, చివరకు యంత్రాల చేతిపుస్తకాలు తెలుగు చేసి బ్రతుకుతున్నవాణ్ణి. అప్పుడు నా సంచిలో ఉన్నది ట్రాక్టరు పుస్తకం. అందులో ఒక పేరా నాకు కొరుకుడుపడలేదు. బండి ఒరిగి పడిన తరువాత ఇంజనులో నూనె ఒత్తిడిని ఎట్లా తిరిగి రప్పించాలన్నది విషయం. నూనె పంపును ‘ప్రైమ్’ చేయమంటుంది మూలం. ‘పంపును ప్రథమంగా సిద్ధపరచవలెను’ అని వ్రాశాను. చదువుకుంటే నాకే అర్థం కాలేదు. ఇట్లాంటి హెచ్చరికనే పూర్వం మంచు మీద నడిచే స్కూటర్ల గురించి చదివాను. సియాచిన్‌లో మన సైనికులు వాడేవి ఆ జాతి బళ్ళే. వాటిలో కొన్నిటికి నూనె ఇంజను అడుగున కాక వేరే తొట్టిలో ఉంటుంది. బండి ఒరిగితే నూనె తన చోటు తప్పుతుంది, పంపు గాలిని పీలుస్తుంది. మంచులోనైనా బురదలోనైనా కథ అదే. అయితే మంచునూ చూడనివాణ్ణి, ట్రాక్టరునూ ఎక్కనివాణ్ణి నేను.

“బురదలో దిగితేగాని ఆ మాట దొరకదయ్యా. రేపు పల్లెకు పోదాం పద” అన్నారు బావగారు.

ఆ పూట నగరం చూపించారు. బాలుడిగా వివేకానందుడు 1877 నుంచి రెండేళ్ళపాటు నివసించిన ఊరు ఇది. ఆయన పేరు పెట్టుకున్న బూఢా తాలాబ్ నడుమ ఇప్పుడు ఆయన విగ్రహం ఉన్నది. తేలీబాంధా చెరువు గట్టుమీద సాయంత్రాలు జనం తిరునాళ్ళలా తిరుగుతారు. తేలీ అంటే గానుగ ఆడేవాడు. నూనె కోసం వచ్చినవాణ్ణి కనుక ఆ పేరు నాకు శుభశకునంగా తోచింది. 2000 నవంబరు 1న రాజధాని అయిన తరువాత ఊరు అన్ని దిక్కులకూ పరుగెత్తింది. ధమ్తరీకి చిన్నరైలు కూతవేస్తూ పోయిన దారిలో నగరం మేర ఇప్పుడు కార్లు పోయే వేగమార్గం ఉన్నది. బావగారికి ఆ సంగతి మాత్రం మింగుడుపడదు.

మరునాడు జగదల్‌పూర్ రోడ్డు పట్టాము. వెనుకటి 43వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 30. విడువకుండా పోతే బస్తరు అడవులు దాటి, భద్రాచలం మీదుగా విజయవాడ పొరుగున ఇబ్రహీంపట్నం చేరుతుంది. మేము అభన్‌పూర్ దాటి కాలువగట్టు వెంట తిరిగాము. ఎటు చూచినా వరి. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి విత్తనాలు ఇరవై వేల రకాలకు పైగా భద్రపరచి ఉంచింది. డాక్టర్ రిఛారియా 1970ల్లో ఊరూరా తిరిగి సేకరించినవే అందులో అధికభాగం. ఇక్కడ చాలామంది విత్తు వెదజల్లి, మొలక ఎదిగి మడి నిండిన తరువాత ఆ పైరులోనే నాగలి పోనిస్తారు. దానిని ‘బియాసీ’ అంటారు. నీరు నమ్మకంగా ఉన్నచోట నాట్లు వేస్తారు. మేము చూడబోయినది నాట్లకు దమ్ము చేయడం.

మేము చేరేసరికి దమ్ము సాగడం లేదు. ట్రాక్టరు మడిలో ఎడమ పక్కకు పడుకొని ఉన్నది.

నానిన గట్టు ఒక చక్రం క్రింద జారిందట. నడుపుతున్న రైతు కొడుకు ఆవలి పక్క మడిలోకి దూకి బ్రతికాడు. మోచెయ్యి మాత్రం గీరుకున్నది. పడిన తరువాత కూడా ఇంజను కొంతసేపు తిరిగింది. ఎర్రదీపం వెలిగింది. వాడే బురదలో ప్రాకి వచ్చి, ఇంజనును ఆపే బొత్తాన్ని లాగాడు. పందొమ్మిదేళ్ళవాడు చేయగలిగిన పనులలో అది పెద్దదే.

ఆ బండికి ఇంకా బ్యాంకు వాయిదాలు ఉన్నాయి. పధ్నాలుగు కుటుంబాల మళ్ళు దానికోసం ఎదురుచూస్తున్నాయి. నారు ముదిరితే ఎవరికోసమూ ఆగదు. ఇంజను పట్టేసిందంటే ఆ ఇంటికి ఆ ఏడు లేనట్లే. ఇంకొక ట్రాక్టరుతో, మోకులతో, ఇరవైమంది కేకలతో దానిని నిలబెట్టారు. నిలబడిందో లేదో కుర్రవాడు ఎక్కి కూర్చొని తాళంచెవి మీద చెయ్యి వేశాడు. బావగారు ఆ మణికట్టును గట్టిగా పట్టుకున్నారు. “గేరులో వేసి లాగించినా చాలునే” అని ఎవరో అన్నారు. దానికీ ఒప్పుకోలేదాయన. ఇంజను కదలకుండా, గేరు తప్పించి, ఇంటి పెరటిదాకా లాగించారు.

“వెనుకటి వ్యాగన్లకు ఇరుసుపెట్టెలో నూనెలో నానిన నూలుపీచు కూరేవాళ్ళం” అన్నారు నాతో ఆ రాత్రి. “పీచు ఎండిందంటే ఇరుసు మండేది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. రైలయినా ట్రాక్టరయినా ఇనుము ఇనుము మీద తిరగదయ్యా, నూనె మీద తిరుగుతుంది.”

నిజమే. ఇంజను నడిమి ఇరుసుకూ దానిని మోసే బేరింగుకూ మధ్య ఉండేది కాగితం మందానికి మించని సందు. పంపు తోసే నూనె అందులో పొరగా నిలిచి ఇరుసును తేల్చి ఉంచుతుంది. అడుగు తొట్టిలోని నూనె పక్కకు ఒలికిందంటే పంపు గొట్టం నోటికి అందేది గాలి. గాలి బరువు మోయదు.

తెల్లవారితే హరేలీ. మన లెక్కకు ఆషాఢ అమావాస్య, వారి పూర్ణిమాంత లెక్కకు శ్రావణ అమావాస్య. నాగళ్ళు, గునపాలు, పారలు కడిగి పెరట్లో వరుసగా పేర్చి పూజిస్తారు. ఆ రోజు వాటితో పని చేయరు. గుమ్మాలకు వేపమండలు కడతారు. కమ్మరి ఇంటింటికీ వచ్చి ద్వారబంధానికి మేకు కొడతాడు. పిల్లలు ‘గేడీ’ అనే వెదురు కాళ్ళ మీద ఎక్కి నడుస్తారు.

మా కమ్మరి మేకుల సంచితో పాటు రెంచీల పెట్టె కూడా తెచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళకు ట్రాక్టరు మిస్త్రీ కూడా అతడే. రైతు తల్లి అడ్డుపడింది. ఊరంతా దాయి అని పిలుస్తారామెను. ఈ రోజు ఇనుముతో పనేమిటని ఆమె ప్రశ్న. “పని కాదు దాయి, వైద్యం” అని అతడు మొదట మేకు కొట్టి, అటుపిమ్మట బండి దగ్గర కూర్చున్నాడు. ఆమె మారు మాట్లాడలేదు, కాని వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే చప్పుడయ్యాయి.

రాత్రంతా నిలిచి ఉండటంవల్ల పైకి ప్రాకిన నూనె తొట్టిలోకి దిగింది. అడుగు బిరడాను మెల్లగా వదులుచేసి, మొదట నీరు వస్తుందేమో చూశాడు. నూనెకంటె నీరు బరువు కనుక, ఉంటే అదే ముందు వస్తుంది. రాలేదు. కొలపుల్ల తీసి చూస్తే రెండు లీటర్ల దాకా తక్కువ. అది ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న. కొంత బురదలో కలిసింది. కొంత, గాలిని వడకట్టే గిన్నెలోని నూనెతో కలిసి, గాలిగొట్టం గుండా సిలిండర్లలోకి జారింది. ఆ గొట్టం విప్పి వేలు పెట్టి చూపించాడు. వేలు నల్లగా వచ్చింది.

డీజిలును చిమ్మే మూడు ఇంజెక్టర్లనూ ఊడదీసి, అందరినీ దూరం జరగమన్నాడు. బ్యాటరీ ఆమ్లం ఒలికిపోయింది కనుక పొరుగు ట్రాక్టరు బ్యాటరీ తగిలించారు. ఆపే బొత్తాన్ని లాగి ఉంచి స్టార్టరు తిప్పగానే రంధ్రాలలోనుంచి నల్లని నూనె చిమ్మి కుర్రవాడి పండుగ చొక్కా మీద పడింది. ఎవరూ నవ్వలేదు. గాలి నలుగుతుంది గాని నూనె నలగదు. నిన్న సాయంకాలం తాళం తిప్పి ఉంటే పిస్టనుకు దారి లేక దాని కడ్డీ వంగిపోయేది. లేదా ఇంజను అంటుకొని ఆ నూనెనే తాగుతూ, బొత్తాం లాగినా ఆగకుండా పరుగెత్తి పగిలేది. డీజిలు ఇంజనుకు ఆ దుర్గుణం ఉన్నది.

గాలిగొట్టమూ గిన్నే తుడిచి, గిన్నెలో కొత్త నూనె పోసి బిగించాడు. తొట్టి నింపాడు. కొత్త ఫిల్టరులో అంచుదాకా నూనె పోసి మరీ బిగించాడు. మళ్ళీ స్టార్టరు తిప్పించాడు, పది సెకన్లు. ఎర్రదీపం ఆరలేదు. ఒక నిమిషం ఆగి ఇంకొకసారి. ఆరలేదు. రైతు లేచి గోడవైపు తిరిగి నిలుచున్నాడు.

“పంప్ నే హవా పకడ్ లీ” అన్నాడు మిస్త్రీ తాపీగా. పంపు గాలి పట్టింది. ఒత్తిడిని పసిగట్టి ఎర్రదీపానికి తెలిపే మీటను విప్పి, ఆ రంధ్రంలో నూనెడబ్బా మూతి పెట్టి నొక్కసాగాడు. ఏమి చేస్తున్నావని అడిగాను. పెరటి మూలనున్న పాత చేతిపంపును గడ్డంతో చూపాడు. తోలు ఎండిన చేతిపంపు ఎంత కొట్టినా ఒట్టిగాలే కదా; ముందు చెంబెడు నీళ్ళు పోస్తేగాని అది నీటిని అందుకోదు. ఇదీ అంతే. పంటిచక్రాల సందులు నూనెతో తడిస్తేనే పంపుకు పీల్చే శక్తి వస్తుంది.

మూడవసారి తిప్పినప్పుడు విప్పి ఉంచిన ఆ రంధ్రంలో మొదట బుడగలు, తరువాత నురుగు, ఆపైన దారంలా సన్నని నూనెధార వచ్చింది. మీటను బిగించాడు. మళ్ళీ తిప్పితే దీపం ఆరింది. అప్పటికి ఇంజెక్టర్లు ఇంకా నేలమీద గుడ్డలోనే ఉన్నాయి. వాటిని బిగించి, డీజిలు గొట్టాలలోని గాలి తీసి అంటించేసరికి మధ్యాహ్నం దాటింది. నీలిపొగ పెరడంతా క్రమ్మి, పది నిమిషాలకు పలుచబడింది. మిస్త్రీ చెవిని ఇంజనుకు ఆనించినంత పనిచేసి విని, ఆపేశాడు. పొలానికి మాత్రం ఈ రోజు కాదన్నాడు దాయి వైపు చూస్తూ. ఆమె వచ్చి బానెట్టు మీద బియ్యప్పిండి చేతిముద్ర వేసి, నాగలికి పెట్టినట్లే దానికీ బెల్లపు చీలా నైవేద్యం పెట్టింది. మిగిలిన చీలాలు మేము తిన్నాము.

మరునాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేసరికే బండి మడిలో ఉన్నది. రాత్రి లాంతరు దగ్గర నా పేరా కొట్టివేసి, ‘ఎండిన చేతిపంపులో నీళ్ళు పోసినట్లు, పంపులో నూనె పోయండి’ అని వ్రాసుకున్నాను. తరువాత అచ్చుకు ముందు ప్రచురణకర్త ఫోను చేసి, ట్రాక్టరు పుస్తకంలో చేతిపంపు ఎందుకు వచ్చిందండీ అని అడిగారు. ఉండనివ్వమన్నాను.