అత్తమ్మతో భీమిలి రోడ్డు

"వైజాగ్‌లో ఏమేం చూడాలి?" అని అడిగినవాళ్లందరికీ నేను ఒకే లిస్టు పంపిస్తుంటాను. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, భీమిలి, వీలైతే అరకు. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి ఆలోచించకుండానే వేళ్లు టైప్ చేసేస్తాయి. మొన్న జనవరి ఆఖర్లో మా అత్తమ్మను తీసుకెళ్లాకే ఆ లిస్టు ఎంత పనికిరానిదో తెలిసింది.

మా అత్తమ్మది వరంగల్ దగ్గర పల్లె. అరవై ఎనిమిదేళ్లు. రెండెకరాల పొలం, రెండు గేదెలు, రెండు మోకాళ్ల నొప్పులు. సముద్రం ఎప్పుడూ చూడలేదు. పెళ్లయిన పదహారేళ్లలో "ఈసారి తీసుకెళ్తా అత్తమ్మా" అని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నాట్లనీ, కోతలనీ, గేదె ఈనిందనీ ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడేది. ఈసారి మోకాళ్ల డాక్టరు "ఆపరేషన్ చేయాల్సి రావచ్చు" అనేసరికి మా ఆయన టికెట్లు తీసేశారు. ఆయనకు సెలవు దొరకలేదు. తోడుగా మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. "వాణ్ని జాగర్తగా చూస్కో వదినా, నీళ్లంటె పిచ్చి వానికి" అని స్టేషన్‌లో మా ఆడపడుచు రెండుసార్లు చెప్పింది. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఇంకా చీకటే. ముందు ఇంటికెళ్లి స్నానాలు చేసి... అనుకుంటే పని జరగదు. స్టేషన్ నుంచి నేరుగా ఆర్కే బీచ్‌కే ఆటో మాట్లాడాను. తూర్పు తీరం కదా, ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఆ కాసేపూ పోగొట్టుకుంటే మళ్లీ మర్నాడే. ఒక్క సంగతి. పొద్దున నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డు మీద కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు. ఆటో సందు చివర దించేసింది. మోకాళ్ల మనిషికి ఆ నాలుగడుగులూ ఎక్కువే. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే దగ్గరి సందు ఏదో ముందే కనుక్కోండి.

గోడ మీద చెయ్యి ఆనించి అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నేను ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్నాను, ఏదో గొప్ప మాట అంటుందని. చివరికి అంది. "పాకాల చెర్వు లెక్కనే ఉంటదనుకున్న. అవతలి గట్టు కనవడ్తలేదేంది బిడ్డా?"

తర్వాత మెల్లగా ఇసుకలోకి దిగింది. కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి నీళ్లలో వేసి, నెత్తిన నీళ్లు చల్లుకుంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించింది. "ఇన్ని నీళ్లుండి ఒక్క మడికి పనికిరావాయె." నలభై ఏళ్లుగా బోరు ఎండిపోతుందేమోనని భయపడుతూ వ్యవసాయం చేసిన మనిషి మాట అది. నేను ఫోన్ లోపల పెట్టేశాను.

మా పుట్టిల్లు ఎంవీపీ కాలనీలో. అక్కడ టిఫిన్లు, నిద్రలు అయ్యాక సాయంత్రం నాలుగింటికి రుషికొండ వైపు బయల్దేరాం. కైలాసగిరి దారిలోనే ఉంది. రోప్‌వే ఎక్కుతానని పిల్లాడు గొడవ చేస్తే ఎక్కించాను. పైనుంచి తీరం మెలిక తిరిగి పోవడం బాగుంటుంది, మిగతాది పార్కే. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానాలకు హద్దులు పెట్టిన చోటు, కాపలా ఉండేవాళ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. జనం కూడా బాగానే ఉంటారు. ఆ జనాన్ని చూసి నేను తెలివి తక్కువ పని చేశాను. "ఇంకొంచెం ముందుకెళ్తే ఖాళీ బీచ్‌లుంటాయి, అక్కడ హాయిగా కూర్చుందాం" అని కారు ముందుకు పోనిచ్చాను.

నిజంగానే ఖాళీగా ఉంది. ఒడ్డున జాలర్లు పదిమంది దాకా పెద్ద వల లాగుతున్నారు. అత్తమ్మ వాళ్ల దగ్గర కూర్చుని వల అల్లిక ఎలాగో అడుగుతోంది. పిల్లాడు మోకాళ్ల లోతులో ఆడుతున్నాడు. "అక్కడే ఉండు" అన్నాను. "అలలు లేని కాడనే ఉన్న అత్తా" అన్నాడు. నిజమే, వాడు నిలబడ్డ చోట నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. రెండు పక్కలా తెల్లటి నురగ. నేను అత్తమ్మ వైపు తిరిగి ఫోటో తీసి మళ్లీ చూసేసరికి వాడి తల, చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒడ్డుకు ఈదుతున్నాడు, కానీ వెనక్కి పోతున్నాడు.

నేను అరిచానో లేదో కూడా గుర్తులేదు. వల వదిలేసి ఒకతను పరుగెత్తాడు. తిన్నగా వాడి మీదకు వెళ్లకుండా పక్కగా వెళ్లి, చొక్కా కాలరు పట్టుకుని, అడ్డంగా ఈడ్చుకుంటూ నురగ ఉన్న వైపు తెచ్చాడు. అక్కడ అలే ఇద్దర్నీ ఒడ్డుకు తోసింది. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో.

"అల నేని సోటే సూసి దిగీసినాడు తల్లీ. అల నేని సోటే లాగీస్తాది" అన్నాడతను, ఆయాసపడుతూ.

వైజాగ్‌లో పెరిగిన నేను ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది. ఇసుక మేట లోతుగా ఉన్న చోట అదంతా పోగై, కాలువలా లోపలికి పరుగెడుతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. చూడ్డానికి అదే భద్రమైన చోటులా ఉంటుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈది గెలవడం గజ ఈతగాళ్లకూ కష్టం. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగితే ఆ కాలువలోంచి బయటపడొచ్చు, లేదంటే తేలుతూ చెయ్యి ఊపుతూ ఉండాలి. విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు పోతూనే ఉంటాయి, ఎక్కువమంది ఊరు చూడ్డానికి వచ్చిన కుర్రాళ్లే. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఈ పేరా మీ పిల్లలకు చదివి వినిపించండి.

అతనికి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. వల మళ్లీ పట్టుకుని లాగుతూ, "ఓ సెయ్యెయ్యండి" అన్నాడు. అత్తమ్మ, నేను, వణుకుతున్న పిల్లాడు, ముగ్గురం తాడు పట్టుకున్నాం. మోకాళ్ల మాట ఆవిడా మర్చిపోయింది, నేనూ మర్చిపోయాను. వలలో పడింది గంపెడు చిన్న చేపలే. ఎవరూ పెద్దగా నిట్టూర్చలేదు.

ఆ రాత్రి ఆడపడుచుకు ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాల్లేదు. "పొద్దుగాల గంగమ్మకు రూపాయేసిన గద, పోరన్ని వాపస్ ఇచ్చింది" అని అత్తమ్మ పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అన్నీ మానేసి ఇంట్లోనే ఉందామనుకున్నాను. అత్తమ్మే పొద్దున్నే తయారై కూర్చుంది. "ఇంత దూరమొచ్చి భయపడి కూసుంటమా? నీళ్లల్ల దిగం, గట్టు మీదికెల్లి చూద్దం." వైజాగ్ నుంచి భీమిలి దాకా ఉన్న ఆ పాతిక కిలోమీటర్లను గట్టు మీంచి చూడటం నాకూ అదే మొదటిసారి.

ముందు తొట్లకొండ. పైదాకా కారు వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. నౌకాదళం వాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. స్తూపం, చైత్యాలు, వరసగా చిన్న చిన్న గదుల పునాదులు, అందరూ కూర్చుని తిన్న భోజనశాల. రోము నాణేలు కూడా దొరికాయి, అంటే కింద కనిపించే ఈ సముద్రం మీద అప్పుడే ఓడలు తిరిగాయన్నమాట. నేను ఇదంతా చెబుతుంటే అత్తమ్మ ఒకటే అడిగింది. "ఇంత మీద నీళ్లెట్ల?" రాతిలో తొలిచిన తొట్లు చూపించాను. వాన నీళ్లు పట్టుకోవడానికి. కొండకు ఆ పేరు వచ్చింది వాటివల్లే. ఆవిడ ఆ అంచుల మీద చెయ్యి పెట్టి చూసి, "తెలివిగల్లోళ్లు" అంది. స్తూపం కంటే తొట్ల దగ్గరే ఎక్కువసేపు ఉన్నాం. కొండ కిందే మంగమారిపేట. అలలు తొలిచిన రాతి తోరణం ఉంది అక్కడ. పోటు లేని వేళ చూడాలి. మేం దూరం నుంచే చూశాం. పిల్లాడు కారు దిగనన్నాడు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం దిగాడు. అక్కడ నీళ్లు లేవు కాబట్టి. సినిమా పాటల్లో మీరు చూసే ఉంటారు, ఎర్రటి గోడల మధ్య ఇరుకు దారులు. మంచుయుగంలో సముద్రం చాలా వెనక్కి పోయినప్పుడు, బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోగేసింది. వేల ఏళ్లలో అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన నీళ్లు దాన్ని కోసి ఈ లోయలు చేశాయి. ఇలాంటివి మన దేశంలో తమిళనాడులోనూ, ఆపైన శ్రీలంకలోనూ ఉన్నాయి, ఎక్కడపడితే అక్కడ కనిపించవు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి.

అత్తమ్మ చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది. "సూస్తె మన చెల్క లెక్కనే ఉంది. గని ఇది ఇసుక. వాన వడితె ఆగదు." అంతే. భూగర్భ శాస్త్రం వాళ్లు చెప్పేదీ అదే. గట్టి రాయి కాదు, అడుగు వేస్తే రాలే ఇసుక. గోడల మీద పేర్లు చెక్కడం, పైకెక్కి జారడం, బండ్లు లోపలికి తోలడం... ఒక్కొక్కటీ కొంత కరిగిస్తుంది. 2024లో యంత్రాలు పెట్టి తవ్వితే ఊళ్లో పెద్ద గొడవే అయింది. మా చిన్నప్పుడు పిక్నిక్‌కు వచ్చి ఆ గోడల మీంచి జారినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకని మరీ గట్టిగా అనలేను. వెళ్తే తొమ్మిదిలోపో, నాలుగు దాటాకో వెళ్లండి. మధ్యాహ్నం ఎండకు ఆ ఇసుక కాళ్లు కాలుస్తుంది. నీళ్ల సీసా మీదే, ఖాళీ అయ్యాక కూడా మీదే.

భీమిలి చేరేసరికి ఆకలి. గోస్తని నది సముద్రంలో కలిసేది ఇక్కడే, బొర్రా గుహల మీదుగా వచ్చిన నీళ్లే. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి, పెద్ద పెద్ద రాతి కట్టడాలు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి కుక్కలు కూడా నిద్రపోతాయి. నాకు ఆ నిద్ర ఇష్టం. వంజరం వేపుడు, పులుసుతో భోజనం చేశాం. "మంచిగనే ఉంది. మా కొర్రమీను ముందల నిలవది" అని అత్తమ్మ తీర్పు. ఒడ్డున నెత్తళ్లు ఎండబెడుతున్న ఆవిడ దగ్గర అరకిలో బేరం చేసింది. ఒకరిది శ్రీకాకుళం యాస, ఒకరిది వరంగల్ యాస. మధ్యలో నేను అనువాదం చేయబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడొస్తే తాజా చేప దొరకడం కష్టం అని ఆవిడే చెప్పింది. ఎండలకీ, ఉక్కకీ కూడా అప్పుడు రావద్దంటాను నేను.

తిరుగు దారిలో సబ్‌మెరైన్ చూశాం. కుర్సురా, 91 మీటర్ల పొడవు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, మర్నాటి ఏడే మ్యూజియం అయింది. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారంలోంచి వంగి దూరాలి కాబట్టి అత్తమ్మ బయటే మురీ మిక్చరు తింటూ కూర్చుంది. పిల్లాడు లోపల గైడును ఒకటే ప్రశ్న అడిగాడు. "ఇది మునిగినంక పైకెట్ల వస్తది?" డబ్బాల్లో నింపిన నీళ్లను గాలితో బయటకు తోస్తారని ఆయన చెబుతుంటే కళ్లార్పకుండా విన్నాడు. ముందురోజు నుంచీ వాడు అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

మూడో రోజు సింహాచలం. సముద్రానికీ దానికీ సంబంధం లేకపోయినా అప్పన్న దర్శనం కాకుండా అత్తమ్మ రైలెక్కదు. అరకు ఊసే ఎత్తలేదు. దానికి వేరే ప్రయాణం కావాలి.

ఇంటికొచ్చాక జరిగింది నేనే చెబుదామని మాటలు కూడబలుక్కుంటున్నాను. ఈలోగా పిల్లాడే వాళ్లమ్మకు చెప్పేశాడు. రెండు రోజులు ఆడపడుచు ఫోన్ చేయలేదు. మూడో రోజు చేసింది. తిడుతుందని తయారుగా ఉన్నాను.

"వదినా, వాన్ని గుంజినాయన పేరేంది?"

అడగలేదని చెప్పాను.

"అట్లెట్ల అడగకుంట వచ్చిన్రు?" అంది. "ఎండకాలం సెలవులల్ల నేను గుడ వస్త. ఆ ఒడ్డు యాద్‌ఉంది గద నీకు?"

ఉంది. రుషికొండ దాటాక, మూడో మలుపు.